మెత్త మీద నేర్చిన ఎడమ చేయి

కరెంటు పోతే గిటారు ఊరుకుంటుంది, మైకు ఊరుకుంటుంది, డ్రమ్ముకు మాత్రం ఆ సౌకర్యం లేదు. కాలనీ ఫంక్షన్ స్టేజీ మీద, డ్రమ్ముల వెనక స్టూలు వేసుకుని కూర్చున్నాను, కర్రలు రెండూ ఒళ్లో ఉన్నాయి, తెర ఎప్పుడో ఎత్తేశారు, వెలుతురు కోసం హాలు తలుపులన్నీ బార్లా తెరిచారు, డిసెంబరు ఎండ నేల మీదుగా మూడో వరస దాకా వచ్చి ఆగింది, ఆ మూడో వరసలో మా అక్క కావేరి కూర్చుని ఉంది. లేచి లోపలికి పోవచ్చు, ఎవరూ వద్దనరు, పోతే మళ్లీ వచ్చి కూర్చునే ధైర్యం ఉంటుందో ఉండదో, అందుకని ఇక్కడే ఉన్నాను. మా గిటారు దుర్గేష్ జనరేటర్ సంగతి చూడడానికి బయటికి పోయాడు. జనరేటర్ ఉంది, అందులో డీజిల్ లేదు, డీజిల్‌కు పోయిన మనిషి మూల్ రోడ్డు పెట్రోలు పంపు దాకా పోయాడట, అంత దూరం పోయినవాడు చాయ్ తాగకుండా వస్తాడా. చంద్రపూర్‌లో కరెంటు పోయిందంటే బయటి ఊళ్లవాళ్లు నమ్మరు. ఊరి పక్కన కరెంటు తయారుచేసే థర్మల్ పొగగొట్టాలు పగలూ రాత్రీ పొగ వదులుతూనే ఉంటాయి, మా బావ ఆ పొగ కిందే పనిచేస్తాడు, మేం చేసే కరెంటుతో బొంబాయిల ఫ్యాన్లు తిరుగుతున్నయిరా అని గొప్పగా చెప్తాడు, ఆ చెప్పేటప్పుడు ఒక్కోసారి ఇంట్లో ఫ్యాను ఆగి ఉంటుంది, ఆయన చేతిలో విసనకర్ర ఉంటుంది, అయినా గొప్ప తగ్గదు. ఈ పూట నాకూ కరెంటు పోవడం మంచిదే అనిపించింది, మొదటి పది నిమిషాలు. కరెంటు లేకపోతే పాట లేదు, పాట లేకపోతే దాని చివర వేగంగా కొట్టే భాగం లేదు, ఆ భాగం లేకపోతే నా ఎడమ చేయి సంగతి ఈ రోజుకు ఎవరికీ తెలియదు. ఆ తర్వాత కూర్చున్న కొద్దీ భయం పెరిగింది, రావాల్సింది వచ్చిపోతే బాగుండు అనిపించడం మొదలైంది.

అక్క ఒళ్లో గుడ్డ సంచి ఉంది. సంచి నోట్లోంచి నీలం గీతల గుడ్డ కొంచెం బయటికి కనబడుతోంది, అంటే మెత్త తెచ్చింది. ఇంట్లో అందరూ దిండును మెత్త అంటారు, ఇది తల కింద పెట్టుకునే మెత్త కాదు, నాకోసం కుట్టిన మెత్త. స్టేజీ ఎక్కే ముందు చేయి వేడి చేసుకుంటానని తెచ్చి ఉంటుంది. తెచ్చిందంటే ఆమెకు ఇంకా తెలియదు. ఈ రెండు వారాలుగా ఆమె ఎదురుగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు మెత్త ముందేసుకుని కూర్చున్నాను, కొట్టినట్టు చేశాను, ఆమె నీళ్లకు పోగానే పక్కన పెట్టేశాను. కర్రలు చెమటకు తడిసినట్టున్నాయి. ప్యాంటుకు తుడిచాను. తుడుస్తూ ఉంటే ఎడమ చేతి వెనక మూడు వేళ్లు వాటంతట అవే మూసుకుని తెరుచుకుంటున్నాయి, ఏ అలవాటుతో కదులుతున్నాయో నాకు తెలియడం లేదు, పాతదో కొత్తదో.

దుర్గేష్ నాన్న గుంటూరు వైపు నుంచి వచ్చిన ఇంజనీరు, వాళ్లకు పెద్ద క్వార్టరు, స్కూటరు పెట్టుకునే షెడ్డు, ఆ షెడ్డులోనే మా ప్రాక్టీసు. ఇప్పుడు మేం వాయించే ఇంగ్లీషు పాట క్యాసెట్ మొదటిసారి అక్కడే విన్నాను, నాలుగు చేతులు మారి వచ్చిన కాపీ, పాట కంటే గాలి శబ్దం ఎక్కువ. లోపల ఏదో పరుగెత్తుతోంది, ముందు మిషన్ అనుకున్నాను, డ్రమ్ములు అని దుర్గేష్ చెప్పాక నోరు తెరిచాను. ఇంటికి తెచ్చి టేప్‌రికార్డర్‌లో పెడితే అక్క రొట్టెలు కాలుస్తున్నదల్లా వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవర్ని తిడ్తున్నడ్రా గీయన?" అంది. పాట పాడుతున్నాడక్కా అన్నాను. "పాడుడు గిట్లుంటదా? గొంతుల ఏమన్న ఇరికిందో ఏమో, పాపం" అంది, రొట్టె మాడిన వాసన రాగానే పరుగెత్తింది. ఆ తర్వాత దుర్గేష్ ఎవరి దగ్గరో డ్రమ్ములు నేర్పే వీడియో క్యాసెట్ సంపాదించాడు, ఆడించడానికి మిషన్ ఎవరింట్లోనూ లేదు, కేబుల్ బాలకిషన్ దుకాణంలో మధ్యాహ్నం సినిమా అయిపోయాక పెట్టించుకున్నాం. పొరపాటున బటన్ ఏదో నొక్కి ఆయన దాన్ని కేబుల్లో కూడా వదిలేశాడు, సగం కాలనీ ఆ రోజు ఒక తెల్లాయన చేతులు చూసింది. ఆయన మణికట్టు కదల్లేదు. అదే నాకు మిగిలింది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కర్ర నిలబడింది, తక్కెడ కాడలాగ, వెనక మూడు వేళ్లు మూసుకుంటే కర్ర దిగుతోంది, తెరుచుకుంటే లేస్తోంది, చేయి మాత్రం ఏ పనీ లేనట్టు ఊరికే ఉంది. ఇంగ్లీషులో ఏం చెప్పాడో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ అర్థం కాని ముక్కలోనే అసలు సంగతి చెప్పి ఉంటాడు, ఇప్పుడు అనుకుంటే అలా అనిపిస్తుంది.

ఎవరో ఈల వేశారు. వెనక వరసలో కొందరు లేచి ఒళ్లు విరుచుకుంటున్నారు, మాకంటే ముందు గజ్జెల విల్లు లేజిమ్ పట్టుకుని ఆడిన ఆడపిల్లలు పల్లీలు ఒలుచుకుని తింటున్నారు, పొట్టు చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోంది, హాలు ఇంత నిశ్శబ్దంగా ఉంటే స్నేర్ డ్రమ్ము మీద పుల్ల పడినా వినబడుతుంది. గిటారు పెద్దగా మోగుతుంటే దాని వెనక డ్రమ్మర్ కొంచెం దాక్కోవచ్చు, పోయిన ఆదివారం దాకా అలాగే దాక్కున్నాను. ఆ భాగంలో కుడి చేయీ కాలూ కలిసి పడాలి, రెండు దెబ్బల మధ్య ఉన్న సందులో ఎడమ చేయి పడాలి, ఒక్కటి కూడా తప్పకుండా, పాట చివరిదాకా. కాలి సంగతి భయం లేదు, రోజూ ఐటీఐకి సైకిల్ తొక్కే కాలు అది. కుడి చేయి సరే. ఎడమ చేయి దగ్గరికి వచ్చేసరికి వేగం అందుకోగానే కర్ర ఎక్కడికో పోతుంది, అంచుకు తగులుతుంది, ఒకసారి ఎగిరి దుర్గేష్ అమ్మగారి తులసి కోట దగ్గర పడింది. దుర్గేష్ మంచివాడు, అందుకే రెండు వారాల కింద మెల్లిగా చెప్పాడు. "రేయ్, వచ్చే నెల నాగ్‌పూర్ ప్రోగ్రాం ఉంది. ఈ షోలో ఆ పార్టు క్లీన్‌గా రాకపోతే అక్కడికి ఇంకో డ్రమ్మర్‌ని చూసుకుంటాం. ఏమనుకోకు" అన్నాడు. ఏమనుకోకు అన్నాక ఏమనుకోవాలి. సరే అన్నాను, సైకిలెక్కాను, సగం దారిలో కన్నీళ్లు వచ్చాయి, దుమ్ము పడిందనుకున్నాను, దుమ్ము కాదు.

ఆర్కెస్ట్రా వాళ్ల డ్రమ్ సెట్టు మాకు ఆదివారం మాత్రమే దొరికేది. మిగతా రోజులన్నీ అక్క ఇల్లు, రెండు గదులు, బావది వారానికో షిఫ్టు మారే తిరుగుడు పాళీ, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. నేను మొదట్లో చెక్కపీట మీద కొట్టేవాణ్ని. "నీ బావ రాత్రి పాళీ జేసి గిప్పుడే పండుకున్నడు, గా టకటక బంద్ జెయ్యిరా" అనేది అక్క, రెండు మూడుసార్లు అంది, నాలుగోసారి అనకుండా విరూర్ దగ్గర మా ఊరికి పోయి వచ్చేటప్పుడు పత్తి తెచ్చింది. అమ్మకానికి పోయే పత్తిలోంచి నాయన చూస్తుండగానే మూట కట్టిందట. ఇంట్లో కూర్చుని వేళ్లతో గింజలు తీసింది, సాయంత్రాలన్నీ అదే పని, గింజలు ఒక చేటలో, దూది ఒక చేటలో. గుడ్డ నీలం గీతలది, పరుపులకు వాడే గట్టి గుడ్డ, దాన్ని రెండు పొరలు వేసి కుట్టింది, మూలమూలకూ పుల్లతో దూది దట్టించింది. కొట్టి చూడు అంది. కొట్టాను. చప్పుడు లేదు. బావ అటు తిరిగి కూడా పడుకోలేదు. అక్క ముఖం వెలిగిపోయింది. "ఎంతసేపన్న కొట్టుకో ఇగ" అంది. మా ఇంట్లో దేనికైనా పత్తే మందు, చెవి నొప్పికి పత్తి, దీపానికి పత్తి, తలుపు టపటపలాడితే సందులో పత్తి. చప్పుడుకు కూడా పత్తి పెట్టాం. ఇంకోచోట పుట్టినవాళ్లయితే ఈ తప్పు చేసేవాళ్లు కాదేమో.

వానాకాలమంతా ఆ మెత్త మీద కొట్టాను. మెత్త కొట్టిన దెబ్బను మింగేస్తుంది, కర్ర దిగబడిపోయి అక్కడే ఉంటుంది, దాన్ని లేపాలంటే వేళ్లతో లాగాలి. నేను లాగడం నేర్చుకున్నాను. చిటికెన వేలితో సహా లాగడం, ఎంత వేగంగా అంటే నాకే ముచ్చటేసేది, అక్క పిండి కలుపుతూ చూసి మురిసిపోయేది. ఆ తర్వాత ఆదివారం నిజం డ్రమ్ము ముందు కూర్చుంటే, డ్రమ్ము తోలు కర్రను దానంతట అదే వెనక్కి ఇచ్చేస్తుంది, అది ఇచ్చేలోపు నేను లాగుతాను, రెండూ ఒకదానికొకటి తగులుకుని కర్ర పక్కదారి పడుతుంది. మెల్లని పాటల్లో బయటపడలేదు. వేగం పెరిగాకే బయటపడింది, అది కూడా ఎందుకో తెలియకుండా బయటపడింది, నా చేతిలోనే లోపం ఉందనుకుని ఇంకా ఎక్కువసేపు మెత్త ముందు కూర్చునేవాణ్ని. ఎక్కువ కూర్చున్న కొద్దీ ఎక్కువ చెడిపోయాను. కుడి చేయి ఎలా తప్పించుకుందంటే అది ఎప్పుడూ నా మాట వినలేదు, మెత్త మీద కూడా మణికట్టుతోనే కొట్టేది. బుద్ధిగా విన్నది ఎడమ చేయి, ఇరుక్కుంది కూడా అదే.

పట్టా సంగతి మాత్రం ఊరికే దొరికింది. మా కాలనీలో ప్రతి గుమ్మం ముందూ ఒక రబ్బరు పట్టా ఉంటుంది, బొగ్గు మోసే బెల్టు అరిగిపోతే ముక్కలు చేసి పాత సామాన్ల కబాడీలో అమ్ముతారు, కాళ్లు తుడుచుకోవడానికి అందరూ కొనుక్కుంటారు. దుర్గేష్ ఆ మాట చెప్పిన మర్నాడు గుమ్మంలో కూర్చున్నాను, చేతిలో కర్రలున్నాయి, కొట్టడం లేదు, ఊరికే పట్టుకున్నాను, ఎడమ చేతి కర్ర జారి పట్టా మీద పడి మళ్లీ లేచింది, పడింది, లేచింది, ఎవరూ పట్టుకోకుండానే. చూస్తూ ఉండిపోయాను. తీసి మళ్లీ వదిలాను. ఎన్నిసార్లు వదిలానో, పక్కింటి గౌరమ్మ బకెట్టు పెట్టి నిలబడి "ఏమైందిరా బిడ్డా, చేయి పడిపోయిందా ఏంది?" అని అడిగింది. లేదు పెద్దమ్మా అన్నాను. వేళ్లు దగ్గరికి వేస్తే దిగింది, వేళ్లు వదిలితే లేచింది, నేను లాగలేదు. ఆ తెల్లాయన చేయి ఊరికే ఉన్నట్టు కనబడిందంటే నిజంగానే ఊరికే ఉంది. నవ్వొచ్చింది, కోపం వచ్చింది, ఆ వెంటనే లోపల గోడకు ఆనించి పెట్టిన మెత్త గుర్తొచ్చింది, అక్క గోళ్ల సందుల్లో ఇరుక్కున్న పత్తిగింజల పొట్టు గుర్తొచ్చింది. ఎలా చెప్పాలి. నువ్వు కుట్టిందే నా చేయి చెడగొట్టింది అని ఏ మాటల్లో చెప్పినా అదే అర్థం వస్తుంది.

చిన్నప్పుడు చేలో పత్తి ఏరేటప్పుడు ఇద్దరం పక్కపక్కనే నడిచేవాళ్లం. ఒక్కొక్కరికి రెండు సాళ్లు, మధ్యలో నడవాలి, కుడి చేత్తో కుడి సాలు, ఎడమ చేత్తో ఎడమ సాలు, ఆకు ముక్క రాకుండా, కాయ చిప్ప గుచ్చుకోకుండా దూది మాత్రమే రావాలి. అక్కకు రెండు చేతులూ ఒకటే. నాకు కుడి చేయి ముందుకు పోయేది, ఎడమ వెనకబడేది, ఎడమ సాలులో తెల్లగా వదిలేసినవి వదిలేసినట్టే ఉండేవి, వెనక నుంచి నాయన వచ్చి చూస్తే తిట్లు. అక్క నా ఎడమ పక్క సాళ్లలో ఉండేది. తన సాలు ఏరుతూనే చేయి చాచి నా సాలులో నేను వదిలేసినవి తీసి నా ఒడిలోనే వేసేది, నా వైపు చూడకుండా, ఏమీ అనకుండా. నాకు చాలా రోజుల దాకా తెలియదు కూడా, నేనే బాగా ఏరుతున్నాననుకునేవాణ్ని. పెళ్లై వచ్చాక నన్ను తన దగ్గర ఉంచుకుని చదివిస్తోంది, ఇప్పుడు ఈ మెత్త, అంతా ఆ చేయి చాచడమే. అందుకే చెప్పలేకపోయాను. అక్కంటే నాకు ప్రేమ, ఇంట్లో ఎవరం ఆ మాట అనుకోం.

"రేయ్ తిరుమలేష్!" దుర్గేష్ స్టేజీ కింద నిలబడ్డాడు, గిటారు ఇంకా మెడలోనే ఉంది, ముఖం నిండా చెమట. "వాడింకా రాలేదు. పబ్లిక్ లేచిపోతున్నారు. నువ్వు ఏదో ఒకటి వాయించు."

"ఒక్కన్నేనా?"

"డ్రమ్ముకు కరెంటెందుకురా? ఆ ఫాస్ట్ పార్టే కొట్టు. నాకూ వినాలని ఉంది." నవ్వుతూ అన్నాడు గాని కళ్లు నవ్వలేదు. ముందు వరసలో ఖాళీ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. గిటారు లేదు, మైకు లేదు, దాక్కోవడానికి ఏదీ లేదు. ఈ గంటంతా నేను భయపడింది ఇదే.

కాలు ఒకసారి నొక్కి చూశాను. బేస్ డ్రమ్ము డమ్మని మోగి, మోగుతూనే ఉంది, హాలు గోడలకు కొట్టుకుని తిరిగి వచ్చింది, పల్లీలు తింటున్న పిల్లలు చెవులు మూసుకుని నవ్వారు. లోపల ఎప్పుడూ ఒక పాత బొంత కుక్కి ఉండేది, ఈసారి ఎవరో తీసేసినట్టున్నారు, చలికాలం గదా. ఇలా మోగితే ఆ వేగంలో ఒక దెబ్బ ఇంకో దెబ్బ మీద పడి అంతా గోల అవుతుంది, ఎడమ చేయి బాగా పడినా పడకపోయినా ఎవరికీ తెలియదు. తెలియకపోతే మంచిదే కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినంత వేగంగా సిగ్గేసింది. లేచాను, స్టేజీ దిగాను, మూడో వరస దగ్గరికి పోయాను. 

"అక్కా, ఆ మెత్త ఇటియ్యి."

"ఎందుకురా?"

"డ్రమ్ముల పెడ్త. మోగుడు ఎక్కువైంది."

ఆమె సంచి వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది. "మరి నేను దేని మీద కూసోవాలెరా?"

నాకు అర్థం కాలేదు. "నాకోసం తెచ్చినవనుకున్న."

"నీకెందుకు? నువ్వు దాన్ని ముట్టక ఎన్ని రోజులాయె. ఇనుప కుర్చీలుంటయి, నడుము నొస్తదని నాకోసం తెచ్చుకున్న. పెద్దోళ్లు పక్కనుంటే తీసి ఏసుకునుడు సిగ్గనిపించింది" అంది, పక్కామె వైపు కొంచెం చూసి గొంతు తగ్గించి. "ఇదివరకు పూటకోసారి ఊడుస్తుంటిని, నువ్వు కొడ్తే గుడ్డల నుంచి నూగు లేస్తుండె. గిప్పుడు ఊడుస్తే నూగే లేదు. గుమ్మంల పట్టా మాత్రం ఒక్కకాడ నున్నగైంది. నాకు తెల్వదనుకున్నవా?"

"చెప్తే బాధపడ్తవని..."

"పడ్డ. ఒక పూట పడ్డ" అంది సూటిగా. "పత్తి గుణం నాకు తెల్వదారా, దెబ్బను మింగుతదని? నాకే తట్టలే. పో, తీస్కపో." మెత్త నా చేతిలో పెట్టింది. ఎంత నిండుగా దట్టించిందో అప్పుడు తెలిసింది, మడత పడదు, బేస్ డ్రమ్ము ముందు తోలుకు ఉన్న చిరుగులోంచి తోస్తే పోలేదు, దుర్గేష్ కూడా వచ్చి మోకాలితో తోశాడు, ఇద్దరం కలిసి తోస్తే లోపలికి జారింది. కాలు నొక్కాను. దుబ్ అంది, అంతే, మోగలేదు, పడిన చోట పడింది. ఇన్నాళ్లూ మెత్త మింగినందుకు ఏడ్చాను, ఇప్పుడు మింగడమే కావాల్సొచ్చింది.

స్టూలు మీద కూర్చున్నాను. కుడి చేయి, కాలు, మెల్లిగా. ఎడమ చేయి, మధ్య సందులో. వేళ్లు మూశాను, కర్ర పడింది. వేళ్లు వదిలాను, కర్ర వచ్చింది. ఇంకొంచెం వేగం. గిటారు లేని చోట ప్రతి దెబ్బా విడిగా వినబడుతోంది, హాలంతా నా ఎడమ చేతినే వింటున్నట్టుంది. ఇంకొంచెం. పట్టా మీద ఎలా వదిలానో అలాగే, ఎవరూ పట్టుకోనట్టు. ఒకచోట పాత అలవాటు లేచింది, చిటికెన వేలు లాగింది, కర్ర అంచుకు తగిలి టక్కుమంది, దుర్గేష్ తల ఎత్తాడు, ఆపితే అయిపోతుంది, ఆపలేదు, చిటికెన వేలిని వదిలేశాను, తర్వాతి దెబ్బ దాని చోటనే పడింది, ఆ తర్వాతిది కూడా, ఆ తర్వాత లెక్క పోయింది. మణికట్టు ఊరికే ఉంది. వినబడుతున్నవాటిలో కుడి చేతివి ఏవో ఎడమ చేతివి ఏవో నాకే తెలియలేదు. ఈలలు ఆగిపోయాయి. దుర్గేష్ గిటారు తీగల మీద చేయి పెట్టాడు, కరెంటు లేదని మరిచిపోయినట్టున్నాడు, వినబడని గిటారు నాతోపాటు వాయిస్తున్నాడు. 

అక్క ఇనుప కుర్చీ అంచు దాకా జరిగి, ముందుకు వంగి నా ఎడమ చేతివైపే చూస్తోంది, చేలో నా సాలును చూసినట్టే. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉంది. ఈసారి ఆమె చేయి చాచలేదు.